నీరు చొరని యుడుపు

మాఘస్నానమునకు తెల్లవారుజామున ఏటిలో దిగిన సోదరీమణులకు చన్నీటి కాటు ఎట్లుండునో మేము చెప్పనక్కరలేదు. మూడు మునకలు వేసి గట్టెక్కి, పొడిచీర కట్టుకొనగానే ప్రాణము లేచివచ్చును. అంతకంటె మిక్కిలి చల్లనైన నీటిలో అరగంట మునిగియుండియు, ఒడలు తడియకుండ వెలికివచ్చు విద్య యొకటి కలదు. దానిని గూర్చి యీ నెల ముచ్చటింతము.

ఐస్‌లాండు దేశమున థింగ్‌వెల్లిర్ అను చోట సిల్ఫ్రా యను నీటి చీలిక యున్నది. ఉత్తర అమెరికా, యూరేషియా భూఫలకములు ఒకదానినుండి యొకటి తొలగుచుండుటచే నేల పగిలి యేర్పడిన చీలిక యది. లాంగ్‌యోకుల్ హిమానీనదపు కరగునీరు లావారాళ్ళ నడుమ ఏండ్ల తరబడి వడగట్టబడి యచ్చటికి చేరును. కావున నీరు స్ఫటికమువలె స్వచ్ఛము. కాని దాని వేడిమి యేడాది పొడవునను 2 మొదలు 4 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే. నీరు గాలికంటె నించుమించు 25 రెట్లు వేగముగా దేహపు వేడిని లాగివేయును.

అట్టి నీట దిగువారు ధరించునదే డ్రై సూట్. మెడవద్దను, మణికట్టులవద్దను రబ్బరు పట్టీలు చర్మమును బిగియ పట్టుకొనును. జిప్పు సైతము నీరు చొరకుండ చేయబడినదే. లోపల దళసరి దుస్తులు తొడుగుకొందురు. వెచ్చదనము ముఖ్యముగా నా లోపలి బట్టలవలనను, వానిలో నిలిచిన గాలివలనను కలుగును.

అయిన నుడుపు తొడుగుకొన్న మాత్రమున విద్య రాదు. రక్షించు గాలియే యేమరినచో శిక్షించును. పది మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైనున్న దానికి రెండింతలగును. లోపలి గాలి సగమునకు కుదించుకొనిపోయి యుడుపు ఒంటిని నొక్కును. అప్పుడు రొమ్ముమీది మీట నొక్కి, సిలిండరునుండి కొంచెము గాలిని లోనికి విడువవలెను. పైకి వచ్చునప్పుడా గాలియే యుబ్బును. ఎడమ భుజముమీది కవాటముగుండ దానిని వదలకున్నచో మనిషి బుడగవలె పైకి తేలిపోవును. అట్లు వేగముగ లేచుట ప్రాణాపాయకరము. తల క్రిందై కాళ్ళు పైకి లేచినచో గాలి పాదములవైపు చేరును, కవాటమున కందదు. అప్పుడు మోకాళ్ళు ముడిచి, ఒక పల్టీ కొట్టి, తల పైకి తెచ్చుకొని గాలిని వదలవలెను.

లోతులేని నీటిలో, గురువు ప్రక్కన నుండగా, ఈ పల్టీని మరల మరల చేయించుట యందులకే. ఆపదలో ఆలోచించుటకు వ్యవధి యుండదు. చేయి తనంతట తానే కవాటమును వెదకవలెను.

ఈ విద్య యెంత దూరము కొనిపోగలదో కెనడా వనిత జిల్ హైనర్త్ చూపిరి. 2000 సంవత్సరమున అంటార్కిటికాలోని రాస్ మంచుపలకనుండి బి-15 అను మహా మంచుకొండ విడివడినది. 2001లో ఆమెయు సహచరులును దాని లోపలి గుహలలో మునిగిరి. ప్రవాహము వారిని లోపలనే నిలిపివేయజూచినను, పెనుగులాడి ప్రాణములతో వెలువడిరి.

మన మందరమును మంచుకొండలలో మునుగనక్కరలేదు. కాని ఆడపిల్లను కాపాడుటకని కవచములెన్నో తొడుగు మన మీ విద్యనుండి యొకటి నేర్వవలసియున్నది. కవచము మంచిదే. అయితే దాని కవాటము తొడుగుకొన్నదాని చేతి కందవలెను. దానిని తిప్పుట ఆమెకు ముందుగనే నేర్పవలెను.