లేని చిరుగు నాకు కనపడింది: భుజం అల్ట్రాసౌండ్ ఎలా నేర్చుకుంటారు?

పోయిన ఎపిసోడ్‌లో ఎక్స్‌రే గురించి మాట్లాడుకున్నాం కదా, ఈసారి భుజానికి, మణికట్టుకి చేసే అల్ట్రాసౌండ్. స్కాన్ అనగానే మన ఇళ్లలో కడుపుతో ఉన్నవాళ్లే గుర్తొస్తారు. "భుజానికి కూడా స్కానింగ్ ఉంటుందా?" అని మా పిన్నే అడిగింది. ఉంటుంది. అది నేర్చుకోవడంలో ఏముందో, నేర్చుకుంటూ నేను ఎంత పెద్ద తప్పు చేయబోయానో ఈరోజు చెప్తాను.

నేను రేడియాలజీ డాక్టర్‌ని. పీజీ అయ్యాక నా మొదటి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీ నగర్‌కీ మధ్యలో, ఓ చిన్న స్కానింగ్ సెంటర్‌లో. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి వర్ణించక్కర్లేదు. మెట్రో లైను కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు, వెనక సందుల్లో హాస్టళ్లు, మధ్య మధ్యలో ల్యాబులు. మా దగ్గరికొచ్చే జనం కూడా అలాగే ఉండేవాళ్లు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు, బైక్ మీద పార్సిళ్లు తిప్పేవాళ్లు, టైలర్లు, ఆటో అన్నలు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అప్పటికి ఇంకా కొత్తపేటలోనే ఉంది, 2021లో కదా బాటసింగారం వైపు తరలించారు. అందుకని పెట్టెలు, బస్తాలు మోసే హమాలీలు కూడా చాలామంది వచ్చేవాళ్లు.

పీజీలో పొట్ట స్కాన్లు, గర్భిణుల స్కాన్లు లెక్కలేనన్ని చేశాను. భుజం అంటే మాత్రం ఎంఆర్ఐ రాసి పంపించేయడమే. ఇక్కడ ఎంఆర్ఐ అనగానే ఖర్చు విని లేచి వెళ్లిపోయేవాళ్లు. దాంతో భుజం స్కాన్ నేర్చుకోక తప్పలేదు. నేర్పింది మా సీనియర్ మేడమ్. ఆవిడ క్లాసు చెప్పే రకం కాదు, మనల్ని చేయనిచ్చి పక్కన నిలబడి చూసే రకం.

ముందు మిషన్ సంగతి కొంచెం. చేత్తో పట్టుకునే ముక్కని ప్రోబ్ అంటాం. దాని మూతిలో సన్నటి స్ఫటికాలు వరసగా ఉంటాయి. కరెంటు ఇస్తే అవి వణికి శబ్దం పంపిస్తాయి, తిరిగొచ్చిన శబ్దం తగిలితే మళ్లీ కరెంటు పుట్టిస్తాయి. కొన్ని స్ఫటికాలని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ఆ పియరే తర్వాత మేరీ క్యూరీ భర్త. మన చెవికి సెకనుకి 20 వేల కంపనాల దాకా వినపడుతుంది. భుజం చూసే ప్రోబ్ సెకనుకి కోటి, కోటిన్నర కంపనాలు పంపిస్తుంది. పొట్టకి వాడేది 30 నుంచి 50 లక్షలే. కంపనాలు పెరిగేకొద్దీ బొమ్మలో సన్న వివరాలు తెలుస్తాయి, కానీ శబ్దం లోతుకి పోలేదు. భుజంలో మాకు కావాల్సింది చాలావరకు రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. ఒంట్లో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్లు పోతుంది. రెండు సెంటీమీటర్లు లోపలికెళ్లి తిరిగి రావడానికి సెకనులో 10 లక్షల వంతులు చేస్తే 26 వంతులు చాలు. ఆ టైమ్ లెక్కపెట్టే మిషన్ బొమ్మ గీస్తుంది. చల్లటి జెల్ ఎందుకు పూస్తారంటే, మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోకుండా అక్కడే వెనక్కి తిరిగిపోతుంది.

మేడమ్ నన్ను మొదటి నెల భుజం ముట్టుకోనివ్వలేదు. "నీ మణికట్టు మీద నువ్వే పెట్టుకో. అందులో నరం ఏదో చూపించు, అప్పుడు భుజం గురించి మాట్లాడదాం" అన్నారు. విని తేలికే అనుకున్నాను.

తెలుగులో 'నరం' అనే మాటకి ఎంత పని ఉందో అప్పుడే తెలిసింది. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటాం, అది రక్తనాళం. మెడ తిప్పలేకపోతే "నరం పట్టేసింది" అంటాం, అది చాలాసార్లు కండరం. వేలు మడిస్తే మణికట్టు దగ్గర పైకి తేలే తాళ్లని కూడా నరాలే అంటాం. అవి టెండన్లు, కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు. అసలు నరం, అంటే స్పర్శ తెలిపేదీ, కండరానికి కబురు మోసేదీ, వీటన్నిటి మధ్యలో ఉంటుంది. పేషెంట్ "నరం నొప్పి" అన్నాడంటే ఈ మూడిట్లో ఏదైనా కావచ్చు.

స్క్రీన్ మీద మూడూ మూడు రకాలుగా ఉంటాయి. రక్తనాళం లోపల నల్లగా ఉంటుంది. ప్రోబ్‌తో కొంచెం నొక్కితే సిర మూసుకుపోతుంది, ధమని కొట్టుకుంటూ కనిపిస్తుంది. టెండన్ తెల్లటి దారాలు దగ్గరగా పేర్చినట్టు ఉంటుంది. నరాన్ని అడ్డంగా చూస్తే చిన్న తేనెపట్టు ముక్కలా ఉంటుంది. చెప్పడం ఈజీ. మణికట్టు దగ్గర వేళ్లు మడిచే తొమ్మిది టెండన్ల పక్కనే ఒక నరం, మీడియన్ నర్వ్, ఉంటుంది. మొదట్లో నాకు పదీ ఒకేలా కనిపించాయి. మేడమ్ చెప్పిన చిట్కా ఏంటంటే, ప్రోబ్‌ని అక్కడే ఉంచి వేళ్లు ఆడించాలి. టెండన్లు పరిగెడతాయి, నరం దాదాపు కదలదు. ఇంకా డౌట్ ఉంటే ప్రోబ్‌ని మోచేతి వైపు జరుపుకుంటూ పోవాలి. టెండన్లు ఒక్కొక్కటే కండరంలా మారిపోతాయి, నరం నరంలాగే ఉండిపోతుంది.

రాత్రుళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి చెయ్యి విదిలించుకునేవాళ్లని చూసే ఉంటారు. అలాంటివాళ్లలో చాలామందికి ఈ నరం మణికట్టు సొరంగంలో నలుగుతుంటుంది, కార్పల్ టన్నెల్ అంటారు. సొరంగం మొదట్లో నరం ఉబ్బుతుంది. అడ్డుకోతలో సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తాం. ఇంచుమించు ఓ మినపగింజంత అన్నమాట. బొటనవేలి మొదట్లో నొప్పి వేరే జబ్బు. అక్కడ రెండు టెండన్లు వెళ్లే గొట్టం మందమవుతుంది. 1895లో దాన్ని వివరించిన స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ పేరే దానికి పెట్టారు. హాస్టల్ పిల్లలు ఈ రెండిటికీ కలిపి "ఫోన్ నొప్పి" అనేవాళ్లు. మందు వేరు, చోటు వేరు కాబట్టి మేం కలపం.

మణికట్టు పాసయ్యాక భుజం. యూరప్‌లోని కండరాలు, కీళ్ల రేడియాలజీ సొసైటీ వాళ్లు ఒక్కో కీలుకి ప్రోబ్ ఎక్కడ పెట్టాలి, చెయ్యి ఎలా ఉంచాలి అని బొమ్మలతో గైడ్లు పెట్టారు, నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. అవి ఫోన్‌లో పెట్టుకుని, హాస్టల్‌లో నా రూమ్మేట్‌ని స్టూల్ మీద కూర్చోబెట్టి, ప్రోబ్ బదులు సబ్బుపెట్టెతో ప్రాక్టీస్ చేశాను. నవ్వకండి, చేతికి దారి అలాగే అలవాటయింది.

మీరూ ఒకటి ట్రై చేయండి. కుడి మోచేతిని పక్కటెముకలకి ఆనించి మడవండి. ఎడమచేతి రెండు వేళ్లు కుడి భుజం ముందుభాగం మీద పెట్టి, కుడి ముంజేతిని లోపలికీ బయటికీ తిప్పండి. వేళ్ల కింద ఎముక గట్టు, ఓ పల్లం, మళ్లీ గట్టు దొర్లినట్టు అనిపిస్తుంది. ఆ పల్లంలోనే బైసెప్స్ టెండన్ పడుకుని ఉంటుంది. భుజం స్కాన్ అక్కడ మొదలవుతుంది. చెయ్యి బయటికి తిప్పితే ముందువైపు టెండన్ బయటపడుతుంది. ఎదుటి భుజం మీద చెయ్యి వేస్తే వెనకవైపుది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువగా చిరిగేది సుప్రాస్పైనేటస్. అది భుజం పైన ఎముక చూరు కింద దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగాలంటే చెయ్యి ప్యాంటు వెనక జేబులో పెట్టించాలి, ఫోన్ పెట్టుకున్నట్టు. ఈ భంగిమకి పెద్ద పేరే ఉంది కానీ, "వెనక జేబులో చెయ్యి పెట్టండి" అంటే ఎవరికైనా అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి ట్యూబులైట్ కింద పట్టుకోండి. సరైన కోణంలో ఉంటే లైటు మెరుపు కంట్లో కొడుతుంది. కొంచెం వంచండి, మెరుపు పోయి అద్దం నల్లబడుతుంది. అద్దానికి ఏమీ కాలేదు కదా! టెండన్ కూడా అంతే. శబ్దం నిటారుగా తగిలితే తెల్లగా మెరుస్తుంది. ప్రోబ్ కొన్ని డిగ్రీలు పక్కకి వంగితే చాలు, శబ్దం వేరే దిక్కుకి పోయి అక్కడ నల్లగా కనిపిస్తుంది. చిరుగు కూడా నల్లగానే ఉంటుంది. దీన్ని అనైసోట్రపీ అంటారు. చిక్కేంటంటే, సుప్రాస్పైనేటస్ ఎముకకి అతుక్కునే చోట కిందికి వంపు తిరుగుతుంది. చిరుగులు ఎక్కువగా వచ్చేదీ అక్కడే, ఉత్తినే నల్లగా కనిపించేదీ అక్కడే.

ఇదంతా పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. అయినా పడ్డాను.

ఓ సాయంత్రం పండ్ల మార్కెట్ హమాలీ ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాడు. "నాలుగు నెలలైతుంది మేడం, చెయ్యి లేస్తలేదు. రాత్రి ఆ పక్కకి పండుకుంటే పానం పోతుంది" అన్నాడు. బయట ఇంకో ఆరుగురు వెయిటింగ్. వెనక జేబులో చెయ్యి పెట్టమన్నాను. తొడ పక్కదాకా వచ్చి ఆగిపోయింది. సరే, వచ్చినంతే చాలనుకుని అలాగే ప్రోబ్ పెట్టాను. ఎముక దగ్గర నల్లటి గీత కనపడింది. పొడవు కొలిచాను, బొమ్మ సేవ్ చేశాను. టెండన్ పూర్తిగా చిరిగిందని టైప్ చేయించడం కూడా మొదలుపెట్టాను. మొహంలో ఏం కనిపించిందో ఏమో, ఆయన అడిగాడు: "మేడం, బస్తాలు మోసుడు ఇంక నాతోని అయితదా, కాదా? ఇంట్ల బిడ్డ పెండ్లి ఉంది."

ఆ ప్రశ్నకే భయపడి మేడమ్‌ని పిలిచాను. లేకపోతే ఆ రిపోర్ట్ వెళ్లిపోయేదే.

ఆవిడ స్క్రీన్ వైపు చూడలేదు. "అన్నా, మోచెయ్యి కడుపుకి ఆనించు" అని, తన చేత్తో ఆయన ముంజేతిని మెల్లగా బయటికి తిప్పబోయారు. తలుపు గడియ పెట్టినట్టు ఆగిపోయింది. రెండో చెయ్యి హాయిగా తిరిగింది. టెండన్ చిరిగినవాడు తన బలంతో చెయ్యి ఎత్తలేకపోవచ్చు, కానీ మామూలుగా ఎదుటివాళ్లు పట్టుకుని తిప్పితే తిరుగుతుంది. ఎవరు తిప్పినా తిరగనిది బిగుసుకున్న భుజం, ఫ్రోజెన్ షోల్డర్. నేను ఆ చెయ్యి పట్టుకుని చూడనే లేదు. తర్వాత ఆవిడ ప్రోబ్ తీసుకుని, నేను పెట్టిన చోటే పెట్టి, మడమ వైపు కొంచెం నొక్కి వంచారు. నా చిరుగు తెల్లగా మారిపోయింది. దారాలు వరసగా, ఎముక దాకా ఉన్నాయి. ఎడమ భుజం కూడా పెట్టి చూపించారు, అదే బొమ్మ.

"షుగర్ చూపించుకున్నావా అన్నా?" అని అడిగారు. ఎప్పుడూ లేదన్నాడు. వేలు గుచ్చి చూస్తే 280 దాటింది. షుగర్ ఉన్నవాళ్లకి ఈ భుజం జబ్బు ఎక్కువగా వస్తుంది. ఆపరేషన్ గురించి సలహాకి పంపబోయిన మనిషిని షుగర్ మందులకీ ఫిజియోథెరపీకీ పంపాం. ఇది నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్లు తీసుకుంటుందని, అప్పటిదాకా తలపైకి బరువులెత్తొద్దని మేడమ్ దాచకుండా చెప్పారు. బరువు మోయకపోతే కూలీ ఎలా అని ఆయన అడిగాడు. దానికి మా ఇద్దరి దగ్గరా సమాధానం లేదు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ముందు ప్రోబ్ పక్కన పెట్టి చెయ్యి తిప్పి చూస్తాను. నల్లగా ఏది కనిపించినా ప్రోబ్ అటూ ఇటూ వంచి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి చూసి, రెండో భుజంతో పోల్చి గానీ చిరుగు అనే మాట రాయను. నిజం చిరుగైనా అదే నొప్పికి కారణమని గ్యారంటీ లేదు. వయసు పైబడినవాళ్లలో ఏ నొప్పీ లేకుండానే చిరుగులు కనిపిస్తుంటాయి. కీలు లోపలి భాగాలు, ఎముక వెనకున్నవి ఈ స్కాన్‌లో సరిగ్గా తెలియవు, వాటికి ఎంఆర్ఐయే.

ఫోన్‌కి తగిలించే ప్రోబ్ ఆన్‌లైన్‌లో కొనుక్కుని ఇంట్లో నేర్చుకోవచ్చా అని కొందరు మెడికల్ స్టూడెంట్స్ అడుగుతుంటారు. కుదరదు. ప్రతి స్కానింగ్ సెంటర్‌లో "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అనే బోర్డు చూస్తారు కదా, ఆ 1994 చట్టమే దీనికీ వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి మిషన్ అమ్మడమే తప్పని అందులో ఉంది. మీరు చూసేది భుజమే కావచ్చు, కానీ ఆ పరికరంతో కడుపులో బిడ్డనీ చూడొచ్చు కాబట్టి చట్టం తేడా చూడదు. రిజిస్టరైన సెంటర్‌లో, డాక్టర్ దగ్గరే నేర్చుకోవాలి. అప్పటిదాకా సబ్బుపెట్టె ఉండనే ఉంది.

ఆ హమాలీ ఆయన దాదాపు ఏడాది తర్వాత మళ్లీ వచ్చాడు. మోత మానేసి, మార్కెట్‌లోనే పెట్టెలు లెక్కరాసే పని పట్టుకున్నాడట, కూలీ తక్కువే. నేను అడగకముందే స్టూల్ మీద కూర్చుని, కుడిచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకెళ్లి జేబులోంచి బిడ్డ పెళ్లి కార్డు తీసిచ్చాడు.