నాస్తికుడు తెచ్చిన హక్కు

ఇంగ్లండు రాజు నేటికీ అక్కడి అధికార క్రైస్తవ సంఘానికి అధినేత. ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు ఆసనాలు ప్రత్యేకించి ఉన్నవి. పార్లమెంటు ఉభయ సభలూ ప్రార్థనతోనే ఆరంభమవుతున్నవి. అయినా 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సు వాసులలో క్రైస్తవులమని చెప్పుకొన్నవారు నూటికి 46.2 మంది మాత్రమే. అంతకు పదేండ్ల క్రితం 59.3 మంది. ఏ మతమూ లేదన్నవారు 37.2. పీఠం చెక్కుచెదరలేదు గాని, భక్తజనం పలచబడుతున్నది.

ఇటువంటి దేశంలో మతస్వాతంత్ర్యం ఎవరికి అక్కరకు వస్తుంది? ఇందుకు సమాధానం విచిత్రంగా ఒక నాస్తికుని చరిత్రలో దొరుకుతున్నది. 1880లో చార్లెస్ బ్రాడ్లా నార్తాంప్టన్ నుండి కామన్సు సభకు ఎన్నికైనాడు. దైవసాక్షిగా ప్రమాణం చేయక, ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తానన్నాడు. సభ వల్లకాదన్నది. పోనీ, ప్రమాణమే చేస్తానన్నాడు. నాస్తికుని నోట ఆ మాట అపచారమని అదీ కాదన్నది! ఒక రాత్రి గడియారస్తంభంలో బంధించినది కూడా. నార్తాంప్టన్ ఓటర్లు మాత్రం 1881, 1882, 1884 ఉపఎన్నికలలో మళ్లీ మళ్లీ ఆయననే పంపినారు. తుదకు 1886లో ఆసనం లభించినది. 1888లో ఆయన చొరవతో వచ్చిన చట్టం, మతవిశ్వాసం లేనివారికే గాక, ప్రమాణం చేయుట తమ మతానికి విరుద్ధమని భావించే ఆస్తికులకు సైతం ప్రతిజ్ఞచేసే హక్కు నిచ్చినది. మరుసటి ఏడు ఆయన బొంబాయి కాంగ్రెసు మహాసభకు వచ్చినాడు. 1891లో ఆయన అంత్యక్రియలకు వెళ్లినవారిలో, లండనులో న్యాయశాస్త్రం చదువుతున్న గాంధీ ఒకరు.

ఇప్పుడు వంతు ఆస్తికులది. 2006లో ఒక విమానసంస్థ, మెడలోని చిన్న సిలువను పైకి కనబడనిచ్చినందుకు ఒక ఉద్యోగినిని ఇంటికి పంపివేసినది. సిక్కుల తలపాగాను, ముస్లిం స్త్రీల హిజాబును అదే సంస్థ అనుమతించినది సుమా! వివాదం స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి ఎక్కినది. సిలువ ధరించుట క్రైస్తవునికి అనివార్య విధి కాదు గదా అని బ్రిటిష్ ప్రభుత్వం వాదించినది. రాజే మతాధినేత అయిన దేశపు ప్రభుత్వం ఇట్లా వాదించవలసి వచ్చినదంటే, కాలం ఎంత మారినదో పాఠకులు ఊహించుకొనవచ్చును. 2013లో న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. మతం విధించినదని రుజువు చేయనక్కరలేదు, ఆచరణకూ విశ్వాసానికీ దగ్గరి సంబంధముంటే చాలునని తీర్పు చెప్పి, ఆమెను గెలిపించినది.

అదే తీర్పులో సిలువ గొలుసు తీయనన్న ఒక నర్సు ఓడిపోయినది. రోగుల పడకల నడుమ గొలుసు వ్రేలాడరాదన్నది ఆస్పత్రి నియమం.