మోటారు సైకిలు గేరు రాడ్డునకు కందెన



“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని మన పెద్దలు చెప్పిరి. ఎడ్లబండి ఇరుసు ఎండినచో ఊరంతయు వినునట్లు మొరపెట్టును. బండివాడు సిగ్గుపడియైనను ఆముదము, మసి కలిపిన కందెన పూయును. నేడు మనలో పెక్కుమంది పొలమునకు పోవునది మోటారు సైకిలు మీదనే. దాని గేరు రాడ్డు ఎండినను కూయదు. పాదమునకు మాత్రమే తెలియును. అందుచేతనే దానిని మరచుచున్నాము.

ఈ రాడ్డు పని సులభముగా తెలిసికొనవచ్చును. కాలితో త్రొక్కినపుడు గాని ఎత్తినపుడు గాని అది గేరుపెట్టెలోనికి పోవు చిన్న ఇరుసును కొద్దిగా త్రిప్పును. లోపలి కొక్కెము ఒక గేరును జరుపును. కాలు తీసిన వెంటనే లోపలి స్ప్రింగు ఆ ఇరుసును, దానితోపాటు రాడ్డును, మరల నడిమి స్థానమునకు తెచ్చును. అట్లు వచ్చిన పిమ్మటనే కొక్కెము తరువాతి గేరును పట్టగలదు.

కొన్ని బండ్లలో రాడ్డు నేరుగా ఈ ఇరుసునకే బిగింపబడి యుండును. మరికొన్నింట రాడ్డు వేరొక చీల మీద ఆడును. దానికిని ఇరుసునకును నడుమ లింకు కడ్డీయు, దాని రెండు కొసల రెండు కీళ్లును ఉండును. ఈ రెండవ రకమునకే కందెన మిక్కిలి అవసరము. ముందు చక్రము చిమ్ము బురద వీని మీదనే పడును. అందులకు తోడు యూరియా, పొటాషు బస్తాలను మనము ఈ బండ్ల మీదనే తెచ్చుచున్నాము. రాలిన యెరువు చెమ్మను పీల్చి ఇనుమును తినును. చీల తుప్పుపట్టి బిగిసినచో లోపలి చిన్న స్ప్రింగు రాడ్డును వెనుకకు తేజాలదు.

గడచిన వానకాలమున మా సంఘ సభ్యులొకరు పాలక్యానులతో కాలువగట్టు దిగుచుండిరి. నాలుగవ గేరునుండి మూడవదానికి దింపిరి. రాడ్డు తిరిగి రాలేదు. రెండవదానికై ఎంత త్రొక్కినను పట్టలేదు. ఏమాయెనో యని క్రిందికి చూచినంతలో చక్రము గట్టు జారెను. పాలు బోదెలో కలిసెను. కుడిచేతి మణికట్టు విరిగెను. నాట్లు ముగియువరకు ఆ చేయి కట్టులోనే యుండెను.

గేరు బిగువుగా నున్నదని వారు రెండు నెలలకు ముందే ఒక దుకాణమునకు పోయిరట. ఏమియు విప్పి చూడకయే, ఇంజను తెరువవలెననియు, వేలతో పనియనియు అచట చెప్పిరట. పంట వచ్చిన పిమ్మట చూచుకొందమని వారు ఊరకుండిరి. పడిన బండిని మేము విప్పి చూడగా గేరుపెట్టెలో దోషమేమియు లేదు. చీల తుప్పుపట్టి యుండెను, అంతే. దానికి పట్టిన గ్రీజు వ్రేలికొసయంత. ఇందు మా తప్పును కలదు. అంతకు ముందు వారమే ఆ బండిని మేము నడిపితిమి. బిగువును పాదముతో నెరిగియు, మన బండి కాదు గదా యని నోరు మెదపమైతిమి. ఈ వ్యాసమునకు కారణమదియే.

గోటితో పోవుదానిని గొడ్డలిదాక తేరాదు. కావున ముందు పరీక్షింపుడు. ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట, బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, లింకు కడ్డీని ఇరుసు వైపున విడదీసి, రాడ్డును చేతితో ఆడింపుడు. అది తన బరువునకే జారవలెను. బిగువుగా నున్నచో దోషము వెలుపలనే యున్నది.

పిమ్మట చేయవలసిన పని యిది. విప్పుటకు ముందు ఇరుసు పండ్ల మీదను, దానిని పట్టిన చేయి మీదను ఎదురెదురుగా రంగుచుక్క పెట్టుడు. మరల అచటనే కూర్చవలెను. చీలను తీసి, వాషర్ల వరుసను గుర్తుంచుకొనుడు. పాత గ్రీజును తుడిచి, డీజిలుతో కడుగుడు; పెట్రోలు వాడరాదు, నిప్పంటుకొనును. తుప్పును సన్నని గరుకు కాగితముతో తీసి, ఆరబెట్టి, లిథియము గ్రీజును పలుచగా పూయుడు. కీళ్ల రబ్బరు టోపీలను ఎత్తి లోపల కొంచెము పెట్టుడు. లింకు కడ్డీ నిడివిని మార్చవలదు; దాని లాకు నట్లు బిగువుగా నున్నవో లేవో చూడుడు. వెలికి వచ్చిన గ్రీజును తుడిచివేయుడు. దుమ్ముతో కలిసినచో అదియే ఆకురాయివలె అరుగదీయును. ఇంటి నూనెలును పనికిరావు. వేడికి జిగటలై గడ్డకట్టును. రాడ్డు నేరుగా ఇరుసునకే యున్న బండ్లలో ఇరుసు మొదట బురద తీసి, బోల్టు బిగువు చూచిన చాలును.

కడపట వెనుక చక్రమును చేతితో త్రిప్పుచు, క్లచ్చి పట్టి, ఒక్కొక్క గేరును మార్చి చూడుడు. ప్రతిసారియు రాడ్డు ఒకే చోటికి తిరిగి రావలెను. ఇంత చేసినను బిగువు పోనిచో క్లచ్చి తీగ వదులును, ఇంజను ఆయిలును చూచి, పిమ్మట మెకానికు నొద్దకు పోవలెను. వానకాలమున నెలకొకమారు, తక్కిన దినములలో మూడు నెలలకొకమారు ఈ పని చేసిన చాలునని మా అనుభవము.

సంఘ కార్యాలయమున నొక గ్రీజు డబ్బాయు, పానాల పెట్టెయు నుంచినచో సభ్యులందరికిని ఉపయోగపడును. అంతకు మించి కోరునది యొకటి కలదు. పొరుగువారి బండి నడిపినపుడు గేరు బిగువుగా తోచినచో, దిగిన వెంటనే వారితో చెప్పుడు. మేము చెప్పలేదు.