అయ్యవారికి పసిచేతి కానుక

పూర్వము తెలుగునాట వీధిబడులు నడచిన దినములలో అయ్యవారి రాబడిలో ముఖ్యమైన పాలు దసరా మామూలు. విజయదశమి సమీపించుచుండగా శిష్యులు వెదురుబద్దలను వంచి విల్లులు చేసి, వానికి రంగుకాగితములు అంటించి, పూలును బుక్కాయును చిమ్ముచు, గురువుగారి వెంట గడపగడపకును పాటలు పాడుచు తిరిగెడివారు. గృహస్థులు అయ్యవారికి రొక్కమును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. గురువును సత్కరించు వేడుకలో శిష్యుని చేతిపని కలసియుండుట మనకు క్రొత్త గాదనుటకే ఈ ప్రస్తావన. అయితే చదువు చెప్పిన పెద్దమనిషి వాకిట నిలిచి మామూలుకై ఎదురుచూడవలసిన ఆ దుస్థితి తొలగిపోవుటయే మేలైనది. పోయిన వానిలో విచారింపదగినది ఆ వెదురు విల్లు ఒక్కటే.

ఇప్పుడు ఆ స్థానమును సెప్టెంబరు 5వ తేది ఆక్రమించినది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి యైన నాటినుండి ఆయన జన్మదినము ఉపాధ్యాయ దినోత్సవముగా జరుగుచున్నది. ఆయన 1888లో జన్మించినది తిరుత్తణిలోనే యైనను, ఇంటిపేరుగా నిలిచిన సర్వేపల్లి నెల్లూరు సీమలోని గ్రామము. కనుక 2022 ఏప్రిల్‌లో జిల్లా మారి తిరుపతి జిల్లావారైనను, మాటతీరులో నెల్లూరువారుగానే మిగిలిన సూళ్లూరుపేట ప్రజలు ఈ పండుగను ఒకింత తమ సొంతముగా భావించుకొన్నను తప్పు పట్టువారుండరు. 1921లో ఆయన మైసూరు విడిచి కలకత్తా విశ్వవిద్యాలయమునకు బయలుదేరినపుడు, శిష్యులు గుఱ్ఱపుబండిని పూలతో అలంకరించి, గుఱ్ఱములకు మారుగా తామే స్టేషనువరకు లాగుకొనిపోయిరి. అంగడిలో దొరకు కానుక గాదు గదా అది!

అంగడిలో దొరకునవి వేరు. ఆ పండుగకు ముందు పేట బజారులో ప్లాస్టిక్ గులాబీలు, మెఱుగుకాగితము చుట్టిన పెన్నులు, ఫోటో ఫ్రేములు వ్రేలాడుచుండును. తండ్రి కొనిన దానిని బిడ్డ మోసికొనిపోయి టీచరు బల్లపై పెట్టివచ్చును. కొనలేని ఇంటి బిడ్డ వెనుక బెంచీలో ముడుచుకొని కూర్చుండును. ఈ తారతమ్యమును తుడిచివేయుటకు పెద్ద ఉపాయ మేమియు అక్కరలేదు, కాళంగి యొడ్డు దాటి నాలుగడుగులు వేసినచో తాడిచెట్లున్నవి.

తాటి మొవ్వాకును తెచ్చి, ఈనె తీసి, రెండువ్రేళ్ల వెడల్పున పట్టీలుగా కోయుట పెద్దవారి పని. చిటికెడు పసుపు వేసిన నీళ్లలో ఆ పట్టీలను కొంతసేపు ఉడికించి, నీడను ఆరబెట్టి, బరువైన పుస్తకముల క్రింద ఒక రాత్రి ఉంచినచో వంకర పోయి చదునగును. ఇక బిడ్డవంతు. పసుపుముద్దలో తాంబూలపు సున్నము కొద్దిగా కలుపగానే, పచ్చనిది కన్నుల యెదుటనే ఎఱ్ఱబడును. పసుపులోని వర్ణద్రవ్యము క్షారము తగిలినపుడు ఎఱుపెక్కుటయే దీనికి కారణము. అదే ముద్దపై నిమ్మరసము పిండినచో మరల పచ్చనగును. ఈ వింత చూచిన నాలుగేండ్ల పిల్లవాడు కానుక సంగతియే మఱచి, నిమ్మకాయ కొఱకు వంటింటిలోనికి పరుగెత్తుట సహజము; పరుగెత్తనీయవలెను. సున్నము కలుపుట మాత్రము తల్లి చేతనే జరుగవలెను, అది కంటికి చర్మమునకు మంచిది కాదు. అగ్గిపుల్ల కొనను ఆ ఎఱ్ఱముద్దలో అద్ది బిడ్డ చుక్కలు పెట్టును. పైకొనను బెజ్జము వేసి నూలుకుచ్చు కట్టినచో, టీచరు పుస్తకములో గుర్తుగా ఉంచుకొను పట్టీ సిద్ధము. ఎండ తగిలిన ఆ రంగు కొన్నాళ్లకు వెలియును. వెలియనిండు.

జిగురుకు అంగడికి పోనక్కరలేదు. మైదాపిండి ఉడికించినచో చాలును. పురుగు పట్టకుండుటకై పూర్వులు దానిలో తుత్తము కలిపెడివారు గాని, అది విషము; వ్రేళ్లు నోటబెట్టుకొను వయసువారి దగ్గఱ అది పనికిరాదు. గవ్వల కొఱకు, ఈకల కొఱకు పులికాటు వైపు, నేలపట్టు వైపు పిల్లలను పంపుటయు తగదు. అవి రక్షిత పక్షికేంద్రములు, అక్కడి ఈకనైనను ఏరి తెచ్చుట నిషిద్ధము.

పక్షి కావలెనన్నచో గీయవచ్చును. అట్టముక్కపై పెన్సిలుతో రాజహంసను గీయించి, బీటురూటు తురుము పిండిన రసముతో రంగు వేయించుడు. సెప్టెంబరు నాటికి ఆ పక్షులు పులికాటునకు ఇంకను రావు గనుక పోయిన శీతకాలపు జ్ఞాపకము మీదనే వేయవలసివచ్చును. మూడు కాళ్లున్న పక్షిని చూచి నవ్వి, తల్లి రబ్బరు తీసికొనుటయే ఇక్కడ జరుగు పెద్ద పొరపాటు. “అది కాలు కాదమ్మా, మెడ” అని బిడ్డ చెప్పును. నిజమే, లోతులేని నీటిలో తల క్రిందులుగా ముక్కు ముంచి మేయు రాజహంసను దూరమునుండి చూచినచో, నిటారుగా దిగిన ఆ మెడ మూడవ కాలుగనే తోచును. రబ్బరు వాడియున్నచో ఆ బిడ్డ చూచిన సరస్సు చెరిగిపోయి, పాఠ్యపుస్తకములోని బొమ్మ మిగిలెడిది. తల్లియే గీసి, తల్లియే అంటించి, బిడ్డచేత మోయించిన కానుకకంటె బజారు పెన్నే నయమని నా యభిప్రాయము. పెన్నుతో కనీసము వ్రాయవచ్చును.

బొమ్మ వెనుక బిడ్డ చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయుడు. “మా టీచరు జడ బాగుంటుంది” అనినచో అదియే వ్రాయవలెను గాని, “జ్ఞానజ్యోతి వెలిగించిన గురుదేవులకు” అని దిద్దరాదు. పేరు, తరగతి, సంవత్సరము కూడ వేయవలెను. ముప్పదిమంది పిల్లల చుక్కలపట్టీలు ఒకటిగా కలసినపుడు, ఏది యెవరిదో టీచరునకు తెలియవలెను గదా. తాటాకు కోయునపుడే రెండు పట్టీలు ఎక్కువ కోసి ఉంచుడు: ఒకటి చెడిపోవును, రెండవది అంగన్‌వాడీలో ముక్కులు తుడిచి, అన్నము తినిపించు ఆయమ్మకు. సెప్టెంబరు 5వ తేదిన ఆమె బల్లపై ఎవరును ఏమియు పెట్టరు. ఆమెకు బల్లయే ఉండదు గనుక చేతికే ఇమ్మని పిల్లలకు చెప్పవలెను.