పొగ గుండెదాకా పోతుంది



మిర్యాలగూడ మిల్లుల చుట్టుపక్కల కాపురముండేవారికి ఊకబూడిద సంగతి చెప్పనక్కరలేదు. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి మసిచుక్కల చీర అవుతుంది. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే బాయిలర్లకు ఊకే వంటచెరకు మరి! సూర్యాపేట, కోదాడ వారికి హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీది లారీల పొగ ఉండనే ఉంది. కోతలయ్యాక వరికొయ్యలు తగలబెట్టే పొగ మూడు ఊళ్లకూ ఉమ్మడి.

అయితే చీరమీద కనిపించే బూడిదకన్నా కనిపించని ధూళితోనే మనకు ఎక్కువ పేచీ. పెద్ద నలుసును ముక్కు, గొంతు ఆపుతాయి. తుమ్మో దగ్గో వచ్చి బయటపడుతుంది. రెండున్నర మైక్రానుల లోపు ధూళి, అంటే తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు అనుకోండి, ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా దూరుతుంది. మరీ సన్ననిది నెత్తుట్లోనూ కలుస్తుంది. దానివల్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, బి.పి. పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. ఏళ్లతరబడి పీలిస్తే నాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. గుండెజబ్బు ముందే ఉన్నవారికైతే పొగ దట్టంగా ఉన్న ఒకటి రెండు రోజులు చాలు, ముప్పు రావడానికి.

ఇదంతా ఢిల్లీ గొడవ అనుకునేరు. హైదరాబాదు దగ్గరి 28 గ్రామాల్లో చేసిన పరిశోధన ఒకటి 2019లో వెలువడింది. ఈ ధూళి ఎక్కువున్నచోట ఆడవారిలో బి.పి. కూడా ఎక్కువగా కనబడింది. అక్కడి సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. మన దేశం పెట్టుకున్న ఏడాది హద్దు 40. అంటే చట్టం లెక్కలో అది మంచి గాలే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5.

"మాకు గ్యాసుందిగా" అంటారు. ఉంది. కూర గ్యాసుమీద, స్నానాల నీళ్లు కట్టెలపొయ్యిమీద! సిలిండరు ధర అటువంటిది, కాదనను. కనీసం ఆ పొయ్యిని చూరుకింద నుంచి వాకిట్లోకి జరపండి. పచ్చికట్టెలు పెట్టకండి. బి.పి. ఉన్న అత్తగారిని చలి కాచుకొమ్మని దానిపక్కన కూర్చోబెట్టకండి. ముక్కుకు చుట్టుకున్న కొంగు బూడిదను ఆపుతుందేమోగాని సన్న ధూళిని ఆపదు. దానికి ఎన్-95 మాస్కే కావాలి.

ఇక గుండెల్లో పట్టేస్తే "గ్యాసు" అని సోడా తాగి పడుకోవడం మనకు రివాజు. ఆడవారికి గుండెపోటు దవడనొప్పిగానో, వీపునొప్పిగానో రావచ్చు. ఒట్టి ఆయాసం, చెమటలు, నీరసమే కావచ్చు. అప్పుడు వంట ముగించి వెళదామనుకోకండి. పొయ్యి ఆర్పి 108కి ఫోను చేయించండి.