గ్లైడర్‌కి మోటార్ ఆపితే సరిపోదు: ఫెయిల్‌సేఫ్ ఇలా పెట్టండి

సిగ్నల్ పోతే మోటార్ ఆగాలి. మామూలు ఆర్‌సీ విమానానికి ఇది చాలు, ఎలక్ట్రిక్ గ్లైడర్‌కి చాలదు. మోటార్ ఆగినా ఎగరడమే దాని పని. వేడిగాలి దొరికితే ఇంకా పైకి పోతుంది.

మన కృష్ణా డెల్టాలో అలా పోయింది కాలువలోనో, చేలోనో పడుతుంది. వరి కోశాక కూడా చాలా చేలల్లో మినుము మొలకలుంటాయి. వెతుకుతూ తొక్కితే నష్టం రైతుకే.

అందుకే రెక్కల సర్వోలకు నేను వై కేబుల్ వాడను. ఎయిలెరాన్లకు 2, ఎలివేటర్, రడ్డర్, మోటార్‌కి ఒక్కోటి, మొత్తం 5 ఛానెళ్లు. విడిగా ఉంటే రెండు ఎయిలెరాన్లనీ ఒకేసారి లేపొచ్చు. లిఫ్ట్ తగ్గి గ్లైడర్ దిగుతుంది.

నా ఫెయిల్‌సేఫ్: మోటార్ జీరో, ఎయిలెరాన్లు రెండూ పైకి, రడ్డర్ కొద్దిగా పక్కకి. ఎక్కువ దూరం పోకుండా చుట్లు తిరుగుతూ దిగుతుంది. ఈఎస్‌సీలో బ్రేక్ ఆన్ చేయండి, అప్పుడే ప్రొపెల్లర్ మడుచుకుంటుంది.

రిసీవర్ కొనేముందు ఒకటి చూడండి: కొన్నిటిలో ఫెయిల్‌సేఫ్ థ్రాటిల్‌కే ఉంటుంది. మనకి అన్ని ఛానెళ్లకీ కావాలి.

ఎగరేసే ముందు ప్రొపెల్లర్ తీసేసి, మోటార్ తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. విజయవాడ పక్కనే గన్నవరం ఎయిర్‌పోర్ట్ ఉంది కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ కూడా చూసుకోండి.