తలనెరిసిన విశ్వాసికి పని లేదా?

"బాగున్నారా తాతగారూ? మా కోసం ప్రార్థన చేయండి." ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘాల్లో పెద్దవాళ్లను ఇలాగే పలకరిస్తాం. ప్రేమతో అనే మాటే. అయితే వారు చేయదగ్గ పని ఇక ఏదీ లేదన్న నమ్మకం కూడా ఆ మాట వెనక ఉంది. బాధేమిటంటే, పెద్దవాళ్లు కూడా దాన్నే నమ్మి వెనక్కి తగ్గిపోతున్నారు.

అపోహ: రిటైరయ్యాక ప్రభువు పిలుపు కోసం ఎదురుచూడటమే మిగిలింది.

వాస్తవం: బైబిలులో పదవీ విరమణ నియమం ఒకటుంది. సంఖ్యాకాండం 8వ అధ్యాయం ప్రకారం లేవీయులు 25వ ఏట గుడారపు సేవలో చేరతారు, 50వ ఏట ఆ శ్రమ మానుకుంటారు. అక్కడితో ఇంటికి పొమ్మనలేదు. గుడారాన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యతలో తమవారికి తోడుగా నిలవమని చెప్పింది.

ఇలా తోడు నిలిచిన మనిషి కథ మన గడ్డ మీదే ఉంది. ఫాదర్ హయ్యర్ 1793లో జర్మనీలో పుట్టారు. అమెరికా లూథరన్ మిషనరీగా 1842లో గుంటూరు వచ్చేనాటికే ఆయనకు 49 ఏళ్లు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదివి వచ్చారు, పల్నాడులో సేవ చేశారు, 1857లో తిరిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత 1869లో, రాజమండ్రి మిషన్‌ను నడపలేక మరో సంస్థకు అప్పగించబోతున్నారని ఆయనకు తెలిసింది. నేను వెళ్తానని ముందుకొచ్చారు. అప్పటికి వయసు 76. సముద్రం దాటి వచ్చి, వయసులో చిన్నవాళ్లైన మిషనరీలు చేరుకునేదాకా రాజమండ్రిలో పని ఆగిపోకుండా చూసుకున్నారు. వాళ్ల చేతుల్లో పెట్టి 1871లో వెళ్లారు, 1873లో కన్నుమూశారు. గుంటూరులో ఆయన మొదటి రాకనే ఎక్కువగా తలచుకుంటాం. నాకు మాత్రం ఈ చివరి రాకే గొప్పదనిపిస్తుంది. పేరు కోసమో, పదవి కోసమో ఆ వయసులో ఎవరూ ఓడ ఎక్కరు.

అపోహ: విశ్వాసం బలంగా ఉంటే ముసలితనంలోనూ ఒంట్లో సత్తువ తగ్గదు.

వాస్తవం: ఇలా అనేవాళ్లు కాలేబును చూపిస్తారు. 85వ ఏట కొండసీమను తనకిమ్మని యెహోషువను అడిగిన ధీరుడు ఆయన. నిజమే. మరి బర్జిల్లయి సంగతి? అబ్షాలోముకు భయపడి దావీదు పారిపోయినప్పుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, చిక్కుళ్లు, తేనె, వెన్న మోయించుకొచ్చి ఆదుకున్నవారిలో ఈ పెద్దాయన ఒకరు. కష్టం తీరాక రాజు ఆయన్ని యెరూషలేము రమ్మని, జీవితాంతం పోషిస్తానని పిలిచాడు. నాకు 80 ఏళ్లు, తిన్నదాని రుచి తెలియదు, పాడేవాళ్ల పాట వినబడదు, నీకు భారమెందుకు అన్నాడు బర్జిల్లయి. నా ఊళ్లో, అమ్మానాన్నల సమాధి దగ్గర చనిపోనివ్వమని వేడుకున్నాడు. తనకు బదులు కింహాము అనే యువకుణ్ణి తీసుకెళ్లమన్నాడు. తన శక్తి ఎంతో తెలిసి, వచ్చిన గౌరవాన్ని చిన్నవాడికి అందించిన ఆ మనిషిని అల్పవిశ్వాసి అని ఎవరైనా అనగలరా?

ఇస్సాకుకు చూపు మందగించింది. మోకాళ్ల నొప్పులు, మతిమరుపు, దిగులు కూడా విశ్వాస లోపాలు కావు. ప్రార్థన చేశాం కదా, ఇక బీపీ, షుగర్ మాత్రలు ఆపేయండని చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి.

అపోహ: వయసు వస్తే జ్ఞానం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. సొలొమోను దారి తప్పింది వృద్ధాప్యంలోనే. వయసు మీద పడినంత మాత్రాన జ్ఞానులు కారని యోబు గ్రంథంలో చిన్నవాడైన ఎలీహు పెద్దల ముఖానే అన్నాడు. ఎన్నేళ్లు బతికామన్నది ఒక్కటే లెక్క కాదు. చేసిన తప్పుల్ని దేవుని ముందు ఒప్పుకుని, వాటి నుంచి నేర్చుకున్నది దాచకుండా చెప్పగలగాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు గెలుపులే ఏకరువు పెడితే మనవలకు చేరేదేమీ ఉండదు. అప్పుల్లో కూరుకుపోయినప్పుడు, అన్నదమ్ములతో మాటలు లేనప్పుడు ఎలా నిలబడ్డామో చెప్పాలి. తిమోతిలోని విశ్వాసం మొదట అమ్మమ్మ లోయిలో నివసించిందని పౌలు రాశాడు. వృద్ధ స్త్రీలు పడుచువాళ్లకు బుద్ధి చెప్పాలని తీతు పత్రిక వారికి ఒక బాధ్యతే అప్పగించింది. అలాంటప్పుడు సండే స్కూల్లో అరవై దాటినవారు ఎందుకంత అరుదు?

అపోహ: ఏమీ చేయలేనివాళ్లకు మిగిలేది ప్రార్థన.

వాస్తవం: దేవాలయం విడవకుండా ఉపవాస ప్రార్థనల్లో గడిపిన అన్నను లూకా ప్రవక్త్రి అన్నాడు. లూకా రాసిన 84 ఏళ్లు ఆమె వయసో, వితంతువుగా గడిపిన ఏళ్లో పండితులు తేల్చలేదు. ఎలా చూసినా పండు ముసలిదే. ఆమె ప్రార్థనతో ఆగలేదు, విమోచన కోసం కనిపెట్టుకున్న వారందరికీ బాలయేసు గురించి చెప్పింది. పక్కనే కనిపించే సుమెయోను వయసు మాత్రం లూకా ఎక్కడా రాయలేదు. ఆయన్ని ముసలివాడిగా చూపించడం చిత్రకారుల అలవాటు.

అపోహ: పెద్దలు దేవుని పనిలో ఉంటే పిల్లలు పట్టించుకోనక్కర్లేదు, దేవుడే చూసుకుంటాడు.

వాస్తవం: తల్లిదండ్రులకు చెందాల్సింది కొర్బాను, అంటే దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవారిని యేసు సూటిగా ఖండించాడు. భక్తిని మొదట సొంత ఇంట్లో చూపమని తిమోతి పత్రిక పిల్లలకూ మనవలకూ చెప్తుంది. అమ్మ కంటి ఆపరేషన్ వాయిదా వేసి మందిరానికి ఇచ్చిన కానుకను ఈ రెండు మాటలూ సమర్థించవు.